ఆర్టిఫీషియల్ గ్రాస్ కొంటున్నారా? ఈ మూడు రకాల్లో ఏది బెటర్ అంటే..

బాల్కనీలో వేసినా, బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లో వేసినా ఆర్టిఫీషియల్ గ్రాస్ చూడ్డానికి ఒకేలా పచ్చగా ఉంటుంది. కానీ అది ఏ ప్లాస్టిక్‌తో చేశారన్నదే ముఖ్యం. ఎక్కువగా వాడేవి మూడు రకాలు.

నైలాన్: 1966లో అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియంలో పరిచిన ఆస్ట్రోటర్ఫ్ దీంతో చేసిందే. బాగా గట్టిది, తొక్కినా మళ్లీ నిటారుగా లేస్తుంది. అయితే రేటు ఎక్కువ. గరుకుగా ఉంటుంది కాబట్టి జారిపడితే చర్మం గీరుకుపోతుంది.

పాలీప్రొపిలీన్ (పీపీ): చవక, నీళ్లు పీల్చదు. కానీ త్వరగా అణిగిపోతుంది. తక్కువ నడిచే చోటికి, డెకరేషన్‌కి ఓకే.

పాలీఇథిలీన్ (పీఈ): మెత్తగా ఉంటుంది. ఇప్పటి ఫుట్‌బాల్ టర్ఫ్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. పిల్లలు ఆడుకునే చోటికి ఇది బెటర్.

కొనేముందు యూవీ స్టెబిలైజర్ కలిపిందో లేదో అడగండి. అది లేకపోతే ఎండకు రంగు వెలిసి, పోచలు పెళుసుబారి విరిగిపోతాయి.

ఇది మాత్రం మర్చిపోవద్దు: ఏ రకమైనా ఎండలో మామూలు గడ్డి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పిల్లల్ని చెప్పుల్లేకుండా దానిపైకి పంపొద్దు. ముందు మీ చేత్తో తాకి చూడండి. నీళ్లు చల్లితే చల్లబడుతుంది కానీ కాసేపే.