సూరత్: నీటి అడుగున దాగే క్లోరిన్ కాలుష్యం

2022 జనవరి 6 తెల్లవారుజామున సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ఓ ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను అక్రమంగా కాలువలోకి వదిలారు. వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు. ఆ ప్రమాదం గంటల్లోనే బయటపడింది. కానీ ఇలా నేలలోకి, నీటిలోకి చేరే రసాయనాల్లో కొన్ని ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండిపోతాయి. క్లోరిన్ కలిసిన కర్బన సమ్మేళనాలు ఆ కోవకే చెందుతాయి.

ఇవి రెండు రకాలు

కుళాయి నీటిలో క్రిములను చంపేందుకు కలిపే క్లోరిన్ వేరు, ఇవి వేరు. డీడీటీ, లిండేన్, పీసీబీల వంటివి నీటిలో అంతగా కరగవు. బురద రేణువులకు అంటుకుని చెరువు అడుగున పేరుకుపోతాయి. అక్కడి నుంచి పురుగులు, చేపల ద్వారా ఆహారంలోకి వస్తాయి. మన దేశంలో వ్యవసాయానికి డీడీటీ వాడకం 1989లో, లిండేన్ వాడకం 2013లో ఆగినా, పాత పూడికలో వాటి ఆనవాళ్లు మిగిలే ఉంటాయి.

రెండో రకం ద్రావణులు. లోహ భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్, డ్రైక్లీనింగ్‌లో వాడే పర్‌క్లోరోఇథిలీన్, మందుల పరిశ్రమలో వాడే డైక్లోరోమీథేన్ ఈ కోవలోవే. ఇవి నీటికంటే బరువైనవి. డీజిల్‌లా పైన తేలవు, భూగర్భ జలం గుండా కిందికి దిగి బంకమట్టి పొర మీద, రాతి పగుళ్లలో నిలిచి, కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటాయి.

అమెరికాలో తాగునీటిలో ట్రైక్లోరోఇథిలీన్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక్క లీటరు ద్రావణి సుమారు 29 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. ఇది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ఆక్సిజన్ లేని నేలలో ఇది విచ్ఛిన్నమయ్యే క్రమంలో పుట్టే వినైల్ క్లోరైడ్ కూడా క్యాన్సర్ కారకమే.

సూరత్‌లో ఎందుకు ముఖ్యం?

సూరత్ సింథటిక్ వస్త్రాలకు పెద్ద కేంద్రం. పాలిస్టర్‌కు రంగు పట్టించడానికి ఈ పరిశ్రమలో ఒకప్పుడు క్లోరోబెంజీన్లు విస్తృతంగా వాడేవారు. నగరం కింద తపతి నది వేసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి పొరలున్నాయి. ఇసుక పొరల గుండా ద్రావణులు సులువుగా దిగిపోతాయి. సూరత్‌కు ఉత్తరాన అంకలేశ్వర్, దక్షిణాన వాపి ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 సూచీలో దేశంలో మొదటి రెండు స్థానాలు వాటివే.

లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. పారిశ్రామికవాడల చుట్టూ బోరు నీటిపై ఆధారపడే వారెవరికైనా ఇది ఇంటి సమస్యే.

పరీక్షలో దొరుకుతుందా?

మామూలు పరీక్షలో దొరకదు. టీడీఎస్ మీటర్ కరిగిన లవణాలనే కొలుస్తుంది, ద్రావణులను గుర్తించలేదు. భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012లో డీడీటీ, లిండేన్, పీసీబీలకు పరిమితులున్నాయి కానీ ట్రైక్లోరోఇథిలీన్‌కు లేదు. అందుకే రసాయనం పేరు చెప్పి, గ్యాస్ క్రోమటోగ్రఫీ ఉన్న ప్రయోగశాలలో పరీక్ష అడగాలి. గాలి బుడగ లేకుండా సీసా నిండా నీరు పట్టి మూత బిగించాలి. లేకపోతే ద్రావణి ఆవిరైపోయి ఫలితం తప్పుతుంది.

నీటిని మరిగించినా సమస్య పూర్తిగా తీరదు. ఆవిరైన ద్రావణి వంటగది గాలిలో కలుస్తుంది. తగిన పరిమాణంలో ఉత్తేజిత బొగ్గు వడపోత, దాన్ని సకాలంలో మార్చడం మేలు.

చెరువుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను పొలాలకు తోలారు. పల్లె చెరువు మట్టి పంటకు బలమే. పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాల చెరువుల పూడికను మాత్రం పరీక్షించకుండా తరలిస్తే, అడుగున నిలిచిన విషాన్ని మనమే పొలానికి మోసుకెళ్లినట్లవుతుంది.