ముప్పై వేలు, పదకొండున్నర కోట్లు

1982 డిసెంబరు, నరసరావుపేట. గోడలకు సున్నం కొట్టి సైకిలు బొమ్మ గీస్తున్నారు. తెలుగుదేశం పుట్టి ఇంకా ఏడాది కాలేదు. అభ్యర్థి కోడెల శివప్రసాదరావు కండ్లగుంటవాడు, పేటలో పేరున్న సర్జన్. మీరు ప్రచారం వెంట నడుస్తున్నారు. ఊళ్లవాళ్లు తలా ఇంత వేసుకుని చందా ఇస్తున్నారు. ఎన్నిక మొత్తానికి ముప్పై వేలు. జనవరిలో డాక్టరుగారు గెలిచారు. దానితో కలిపి వరసగా ఐదుసార్లు.

2014 మే 16కు రండి. పేటలో రెండుసార్లు ఓడి సత్తెనపల్లికి మారిన కోడెలకు వైఎస్సార్‌సీపీ అభ్యర్థి అంబటి రాంబాబుతో పోటీ. లెక్కింపు కేంద్రం బయట ఎవరికీ గుండె నిలవడం లేదు. చివరికి 924 ఓట్లతో కోడెల బయటపడ్డారు.

ఇప్పుడు అభ్యర్థుల ఖర్చు రిజిస్టరు తెరిచి చూడండి. టెంట్లు, కుర్చీలు, మైకులు, జీపుల అద్దె, కరపత్రాలు, ప్రతిదానికీ వోచరు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఈ లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. అప్పటి పరిమితి 28 లక్షలు. దాటితే చట్టం దాన్ని అవినీతి చర్య అంటుంది. ఓటుకు పంచే నోటుకు మాత్రం వోచరుండదు. పల్నాడులో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు.

2016 జూన్. టీవీ ముందు కూర్చోండి. అసెంబ్లీ స్పీకరు హోదాలో ఉన్న కోడెల మాట్లాడుతున్నారు. 83లో ముప్పై వేలయింది, అదీ ఊళ్లవాళ్లు ఇచ్చిందే; 2014లో పదకొండున్నర కోట్లయింది అన్నారు. పరిమితికి నలభై రెట్ల పైమాట! వైఎస్సార్‌సీపీ అనర్హత వేటు వేయమంది. ఒకరు కరీంనగర్ కోర్టుకెక్కారు, సమన్లు వచ్చాయి. అయినా 2019 దాకా ఆయనే స్పీకరు. ఆయన నోరు జారారని అందరూ గోల చేశారు. ఆ కోట్లు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, తిరిగి ఎలా రాబట్టుకుంటారు అని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. నన్ను ఇప్పటికీ బాధించేది అదే.

2019 ఏప్రిల్ 11, ఇనిమెట్ల పోలింగ్ బూత్. లోపల కోడెల, బయట అరుపులు, తోపులాట. ఏడు పదులు దాటిన మనిషి చొక్కా చిరిగిపోయింది. మే నెలలో ఇరవై వేల పైచిలుకు ఓట్లతో ఓటమి. ఆ వెంటనే కొడుకు, కూతురు మీద వరసగా వసూళ్ల కేసులు. ఆ వసూళ్లకు 'కె-ట్యాక్స్', అంటే కోడెల ట్యాక్స్, అన్న పేరు ఊరంతా పాకింది. అసెంబ్లీ ఫర్నిచర్ తన దగ్గర పెట్టుకున్నారని కోడెల మీద ఇంకో కేసు. భద్రంగా ఉంచానని, తీసుకెళ్లమని లేఖలు రాశానని ఆయన చెప్పారు. ఏదీ కోర్టులో తేలకముందే, సెప్టెంబరు 16న హైదరాబాద్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. నరసరావుపేట వీధుల్లో అంతిమయాత్రకు జనం పోటెత్తారు. చందాలు వేసుకుని గెలిపించుకున్న డాక్టరు కోసం వచ్చినవాళ్లూ ఆ గుంపులో ఉండే ఉంటారు.

2022లో అసెంబ్లీ అభ్యర్థి పరిమితిని 40 లక్షలకు పెంచారు. పార్టీలు పెట్టే ఖర్చుకు మాత్రం ఏ హద్దూ పెట్టలేదు.