గోడ మీది రాత, తెర మీది రాత

మా గోదావరిఖనిలో చాన్నాళ్లు కబురుకు అసలు వేదిక గోడే. 1998లో సింగరేణి బొగ్గు గనుల్లో గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలు మొదలైనంక కాలనీ గోడలకు తీరిక లేదు, నాలాంటి పెయింటర్లకు చేతినిండా పని. సున్నం కొట్టి, దారంతో గీత తీసి, గోడకు ఒకటే మాట రాసేటోళ్లం. షిఫ్టుకు సైకిల్ మీద పోయే కార్మికుడు ఆగడు, పోతూనే చదవాలె. వంకర్లు తిప్పి సోకుగా రాస్తే మెచ్చుకునేటోళ్లే గాని చదివేటోళ్లు లేరు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చి కుంచెను పక్కకు నెట్టింది. కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికిన తెలుగు, ఫోన్ల పుణ్యమా అని అందరి చేతికొచ్చింది. 2012లో మా పాత కరీంనగర్ జిల్లా లంబాడిపల్లి నుంచి మొదలైన ‘మై విలేజ్ షో’ మన యాసకు యూట్యూబ్‌లో బాట వేసింది.

ఇప్పుడు పిల్లలు బ్లాగులు, సైట్లు పెడుతున్నరు. వాళ్లకు గోడ నేర్పిన లెక్కే చెబుతున్న. వెనక రంగుకు, అక్షరానికి తేడా కొట్టొచ్చినట్టు కనపడాలె. వత్తులు కింది వరుసకు తగలకుండా ఎడం ఇయ్యుండ్రి. పేజీకి ఒకటే ముచ్చట. తేదీ తప్పక వెయ్యుండ్రి. సోకులు తర్వాత, ముందు చదవనియ్యుండ్రి.