ఉస్మాన్‌గంజ్ పరిసరముల విహారస్థానములు

హైదరాబాదు నగరమును జూడవచ్చిన పరదేశి చారుమినారును, గోలకొండను, సాలారుజంగు వస్తుప్రదర్శనశాలను జూచి, తన యాత్ర సఫలమైనదని తలంచి మరలిపోవును. మూసీనది కుత్తరమున, అఫ్జల్‌గంజునకును మొఅజ్జంజాహీ మార్కెట్టునకును నడుమ నున్న ఉస్మాన్‌గంజ్ వాడ యాతని కంట బడదు. పడినను గోతాములును, వానిని మోయు హమాలీలును, దారి కడ్డముగ నిలిచిన బండ్లును దప్ప చూడదగిన దేదియు నచ్చట గలదని యాతనికి దోపదు. నగరవాసులు సైతము పెండ్లికో పండుగకో పచారీ సరకులు టోకుధరకు గొనుటకు మాత్రమే యీ వాడకు బోవుదురు. ఐనను ఈ గంజును గేంద్రముగ జేసికొని మైలున్నర దూరమున నొక వృత్తమును గీచినచో, హైదరాబాదున సామాన్యజనులకు విహారదినమనున దేవిధముగ నేర్పడెనో తెలుపు స్థానములు పెక్కు ఆ వృత్తములోనే యిమిడియుండుట కాననగును. వానిలో జాలభాగము విహారమునకై కట్టినవి కావు. ఈ విషయమే యిచ్చట విచారింపదగినది.

మొదట నామవిచారము. గంజ్ అనునది పారసీక శబ్దమని యెల్లరు నెఱుగుదురు. ధనాగారమని దాని మొదటి యర్థము. ధాన్యపుగొట్టు, ధాన్యము నమ్ము బజారు అనునవి పిదప వచ్చిన యర్థములు. ఐతే ఈ శబ్దము మహమ్మదీయ ప్రభువులతో గ్రొత్తగా దేశమునకు వచ్చినది కాదు. క్రీస్తుశకారంభ కాలమునకు జెందిన శోడాస మహాక్షత్రపుని మథురాశాసనమున ‘గంజవర’ యను పదము కోశాధికారి యను నర్థమున గానవచ్చుచున్నది. పండ్రెండవ శతాబ్దమున కల్హణుడు రాజతరంగిణిలో గంజశబ్దమును ధనాగారార్థముననే ప్రయోగించెను. అమరసింహుడు మాత్రము ఆకారాంత స్త్రీలింగమగు గంజాశబ్దమునకు మదిరాగృహమని యర్థము చెప్పెను. ధనాగారమునకును మద్యశాలకును ఇంత సమీపనామము లుండుట, ఆబ్కారీ యాదాయముపై నడచు ప్రభుత్వముల నెఱిగినవారికి వింతగా దోపదు. ఇక ఉస్మాను శబ్దము 1911 మొదలు 1948 వఱకు రాజ్యమేలిన యేడవ నిజాము మీర్ ఉస్మాను అలీఖాను పేరిటిది.

పొరుగువాడల పేరులును వర్తకమునే చెప్పుచున్నవి. నిజాము అలీఖాను భార్యయగు హుమ్దా బేగము వర్తకులకిచ్చిన భూమి యగుటచే బేగంబజారు అను పేరు వచ్చినదని ప్రసిద్ధి. ఆఱవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు పెట్టిన దుకాణమును బట్టి ఆబిడ్సు ఏర్పడెను. ఈ పేరి చివరి సకారము ఆంగ్లభాషలోని షష్ఠీప్రత్యయము. ఆ సంగతి మఱచి దానిపై మరల విభక్తులను జేర్చి ‘ఆబిడ్సుకు’, ‘ఆబిడ్సులో’ అని వాడుట జనులకు బరిపాటియైనది. వైయాకరణుడు దీనిని దిద్దబూనుట వ్యర్థము.

పూర్వము తెలుగువారికి విహారమనగా జాతర, తిరునాళ్ళు, కార్తికమున నుసిరిచెట్టు క్రింది వనభోజనము. నాంపల్లిలో ఔరంగజేబు సైన్యముతో వచ్చిన యూసుఫు, షరీఫు అను నిద్దఱు ఫకీరుల సమాధులు యూసుఫైన్ దర్గా యను పేర నున్నవి. అచ్చటి ఉర్సునకు హిందువులును బోవుట గలదు. వీని కన్నిటికిని దైవమో, తిథియో, ఋతువో నిమిత్తము. ఏ నిమిత్తమును లేక, పని మాని, పిల్లలను వెంటబెట్టుకొని ఒక దినము ఊరు చూచి వచ్చుట అను నాచారము క్రొత్తది. ఇంగ్లండులో నిది యంత్రపరిశ్రమలతోను పొగబండితోను బుట్టెను. లెస్టరు అను పరిశ్రమల పట్టణము నుండి 1841 జూలై 5వ తేదీన థామసు కుక్ అను నాతడు మద్యనిషేధసభకై సుమారు 500 మందిని తలకొక షిల్లింగునకు లఫ్‌బరోకు రైలుబండిలో గొనిపోయెను. పర్యాటక వ్యాపారమున కదియే నాందియైనది. లెస్టరునకును నేడు చూడబోవువారు తక్కువే.

హైదరాబాదున నీ మార్పునకు మూలము వరద. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి అఫ్జల్‌గంజు, బేగంబజారు పరిసరములను ముంచివేసెను. మృతులు సుమారు 15,000 మంది యని లెక్కించిరి. మఱుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను బిలిపించి వరద నివారణోపాయమును విచారింపజేసిరి. తత్ఫలితముగ 1920లో ఉస్మాను సాగరము, 1927లో హిమాయతు సాగరము అను జలాశయములు పూర్తియైనవి. నీటిని నిలువరించుటకు గట్టిన యానకట్ట గండిపేట యను పేర నగరవాసులకు వనభోజనస్థలమైనది. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడువలేడను సామెతయు బుట్టినది. 1912లో నేర్పడిన నగరాభివృద్ధి సంఘము వీధులను వెడల్పు చేసి, యిఱుకువాడలను దొలగించి, నదీతీరమును సంస్కరించెను. వాస్తుశిల్పియగు విన్సెంటు ఈష్ రచించిన ప్రణాళికతో నదీతీరమున ఉస్మానియా వైద్యశాల వెలసెను.

ఆ సంఘమే 1935లో మొఅజ్జంజాహీ మార్కెట్టును గట్టించెను. సంఘాధ్యక్షుడగు రాజకుమారుడు మొఅజ్జం జాహు పేరు దానికి బెట్టిరి. నల్లఱాతితో గట్టిన యీ మార్కెట్టుపై గడియారపు బురుజు గలదు. ఫలములు, పుష్పములు, అత్తరులు అమ్ముటకు గట్టినదే యైనను, వర్తకుల బేరము ముగిసిన సాయంసమయమున నిది యూరివారి కూడలియైనది. దేశవిభజనానంతరము సింధుదేశము నుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాణి 1953లో నిచ్చట కరాచీ బేకరీని స్థాపించెను. సీతాఫలపు ఐస్‌క్రీము కొఱకు వేసవి రాత్రులలో గుటుంబములతో వచ్చి ఆరుబయట గూర్చుండువారు నేటికిని లెక్కకు మిక్కిలి. ఫలముల టోకు వర్తకము 1980-90 నడుమ గడ్డిఅన్నారమునకు దరలిపోయినను ఐస్‌క్రీము తరలలేదు. విపణియొక్క ముఖ్యప్రయోజనము పోయి యవాంతరప్రయోజనము మిగులుట యిచ్చటి చిత్రము.

నాంపల్లి వైపునకు నడచినచో, 1907లో నేర్పడిన రైలుస్టేషనును దాటిన పిదప, బాగె ఆమ్ అనబడు ప్రజోద్యానము గలదు. పేరు గమనింపదగినది: ‘ఆమ్’ అనగా సర్వజనులకు జెందినది. ఇందులోనే జంతుశాల యుండెడిది. 1963లో నెహ్రూ జంతుశాల వెలసినపుడు మృగము లచ్చటికి బోయినవి. 1930లో నేర్పడిన వస్తుప్రదర్శనశాలలో కాకతీయ చాళుక్య శిల్పములను, నాణెములను మించి పిల్లలను పెద్దలను నాకర్షించునది ఈజిప్టుదేశపు మమ్మీ. ఆఱవ నిజాము అల్లుడగు నజీరు నవాజు జంగు దానిని గొనితెచ్చెను. నిజాము దానిని ప్రదర్శనశాల కిచ్చివేసెను. రెండువేల సంవత్సరములకు బైబడిన యొక యువతి కళేబరమును జూచుటకు బారులు తీరి నిలుచు జనులు, ప్రక్క గదిలోని శిలావిగ్రహముల వంక దలయైన ద్రిప్పకపోవుట చరిత్రజ్ఞునకు దుఃఖకరమే. ఐనను వారు వచ్చుచున్నారు గదా.

ఈ ప్రజోద్యానముననే నుమాయిష్ జన్మించెను. ఈ వ్యాసమునకు బ్రాణమన దగినది యదియే. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘమువారు రాష్ట్రముయొక్క ఆర్థికస్థితిని బరిశీలింప దలపెట్టిరి. దానికి ధనము కావలసివచ్చెను. ఆ ధనము నార్జించుటకును, స్వదేశ పరిశ్రమలను జనులకు జూపుటకును 1938లో ‘నుమాయిష్ మస్నుఆతె ముల్కీ’ యను ప్రదర్శనమును జరిపిరి. స్వదేశమున జేసిన వస్తువుల ప్రదర్శనమని దాని కర్థము. మూలధనము రెండున్నర రూపాయలని ప్రతీతి. నిజాము ప్రారంభించిన యీ ప్రదర్శనము పది దినములు మాత్రము జరిగెను. కొలది యేండ్లలో నుద్యానము చాలక 1946లో నాంపల్లిలోని ప్రస్తుత ప్రదేశమునకు మారిరి. హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన సమయపు సంక్షోభమున నది యాగిపోయి, 1949లో గవర్నరు జనరలు రాజగోపాలాచారి చేత మరల బ్రారంభమయ్యెను. ‘ముల్కీ’ యను విశేషణము తొలగి ‘అఖిలభారత పారిశ్రామిక ప్రదర్శనము’ అను పేరు వచ్చెను. పాలనలోని మార్పు పేరిలో నింత స్పష్టముగ గనబడుట యరుదు. ఐనను జనులు నుమాయిష్ అనియే పిలుచుచున్నారు.

జనవరి మొదటి దినము నుండి నలుబదియైదు దినములకు బైగా జరుగు నీ యుత్సవమునకు దైవము లేదు, తిథి లేదు, టిక్కెట్టు మాత్రము గలదు. కాశ్మీరపు శాలువలు, లక్నో కుట్టుబట్టలు, గాజులు, మిర్చీబజ్జీలు, రంగులరాట్నము. పెద్దలకు గొనుగోలు, పిల్లలకు రాట్నము, వృద్ధులకు గూర్చుండి చూచుట. స్త్రీలకు మాత్రమే యని యొక దినము ప్రత్యేకించు నాచారము ఘోషాకాలము నుండి వచ్చినది. పరదా పోయిన పిదప గూడ నాచార మాగలేదు; ఆ దినమున స్త్రీలు చూపు నుత్సాహము చూడగా అది యాగవలసిన యవసరమును గానరాదు. 2019 జనవరి 30వ తేదీ రాత్రి నగ్నిప్రమాదమున బెక్కు దుకాణములు దగ్ధమయ్యెను. కొలది దినములలోనే ప్రదర్శనము మరల దెఱచిరి. 2021లో అంటువ్యాధి వలన జరుగలేదు.

లండనున 1851లో జరిగిన మహాప్రదర్శనమునకు అఱువది లక్షల సందర్శనములు లెక్కకు వచ్చెను. మిగిలిన ధనముతో సౌత్ కెన్సింగ్‌టనున విద్యాసంస్థలకును వస్తుశాలలకును భూమి కొనిరి. ఇచ్చటి ప్రదర్శన సంఘమును నట్లే యాదాయమును విద్యకై వ్యయపఱచుచున్నది. ప్రదర్శన ప్రాంగణమునందే యున్న సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయమును, కమలానెహ్రూ పాలిటెక్నిక్కును ఆ ధనముతో నడచుచున్నవి. రాట్నమెక్కిన పిల్లవాడిచ్చిన రూక యొక బాలిక చదువునకు జేరుచున్నదని యా పిల్లవానికి దెలియదు.

గ్రంథప్రియులకు గూడ నీ వృత్తమున దావు లేకపోలేదు. 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయము 1936లో అఫ్జల్‌గంజు నదీతీరమున నున్న భవనమునకు వచ్చెను. రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గృహమున 1901 సెప్టెంబరు 1వ తేదీన నాంధ్రులు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నడకదూరముననే గలదు.

ఇక రక్షణవిషయము. చూచుట కని కట్టిన కట్టడమునకు బ్రభుత్వము కావలి యుంచును. పనికై కట్టినదానికి, పని తీరినతోడనే, దిక్కుండదు. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాము రాష్ట్ర రోడ్డు రవాణా శాఖ వారి కాలము నుండి వచ్చిన గౌలిగూడ బస్సుశాల యినుప కమానుకప్పు, పల్లెల నుండి నుమాయిష్ చూడవచ్చిన వారికి నగరముయొక్క మొదటి దర్శనముగ నుండెడిది. అది 2018 జూలైలో గూలిపోయెను. మొఅజ్జంజాహీ మార్కెట్టు మాత్రము 2018లో నారంభమైన జీర్ణోద్ధరణము పూర్తియై 2020 ఆగస్టు 14వ తేదీన మరల దెఱవబడినది. రాతిపై నున్న మసియు, ప్రకటనల పలకలును దొలగినతోడనే, నిత్యము దాని ముందునుండి పోవువారే యాగి చూడ మొదలిడిరి. ఉస్మానియా వైద్యశాల పాతభవనములో 2020 జూలైలో వర్షపునీరు చొచ్చిన పిమ్మట రోగులను దరలించి దానిని మూసివేసిరి. 2025 జనవరి 31వ తేదీన గోషామహలులో నూతన వైద్యశాలకు శంకుస్థాపనము జరిగినది. పాతభవనము వెనుక, 1908 వరదలో సుమారు 150 మంది కొమ్మలపై కెక్కి ప్రాణములు దక్కించుకొన్న చింతచెట్టు గలదు. వరద నాటి స్మరణకై యేటేట సెప్టెంబరు 28వ తేదీన గొందఱు దాని క్రింద గుమిగూడుచున్నారు.