అరిగేది ఎక్కడ? – ఒక వాల్యూమ్ పెడల్ కథ

మా చిన్న మామయ్యది చాదర్‌ఘాట్. కాచిగూడ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో పాత అద్దె ఇల్లు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం హవాయన్ గిటార్. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఎడం చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయిస్తారే, అదీ. ప్రతి గురువారం దగ్గర్లో ఉన్న సాయిబాబా గుళ్ళో భజనకి వాయించేవాడు.

కొన్నేళ్ళ క్రితం నేను ఆన్‌సైట్ మీద అమెరికాలో ఉండగా ఫోన్ చేశాడు. "ఒరేయ్, వచ్చేటప్పుడు ఒక వాల్యూమ్ పెడల్ పట్రా. నా దానికి గరగర పట్టుకుంది. కాస్త గట్టిది చూడు, నేను పోయేదాకా ఉండాలి." సరే అన్నాను. తర్వాత అత్తయ్య చెబితే తెలిసింది, ఆ గరగర వల్ల ఆయన రెండు నెలలుగా భజనకే వెళ్ళటం లేదట. అప్పుడు కొంచెం భయమేసింది. పెడల్ కొనడం అంటే చెప్పుల జత కొన్నట్టు కాదని అర్థమై, కూర్చుని చదవడం మొదలెట్టాను.

అసలు గిటార్‌కి కాలితో పనేంటి? తీగ మీటగానే శబ్దం గట్టిగా పుట్టి, వెంటనే తగ్గిపోతూ ఉంటుంది. వయొలిన్‌లో కమాను లాగుతున్నంతసేపూ స్వరం నిలుస్తుంది, గిటార్‌కి ఆ సౌకర్యం లేదు. అందుకని పెడల్‌ని సగం మూసి మీటుతారు. స్వరం తగ్గుతున్న కొద్దీ పెడల్‌ని మెల్లగా తెరుస్తారు. అక్కడ తీగ నీరసిస్తుంటే ఇక్కడ వాల్యూమ్ పెరుగుతుంది. వినేవాళ్ళకి స్వరం సాగుతున్నట్టే ఉంటుంది. రెండు చేతులకీ పని ఉంటుంది కాబట్టి ఈ ఉద్యోగం కాలికి పడింది.

కాలికి ఈ పని అప్పజెప్పడం కొత్తేమీ కాదు. 1712లో లండన్‌లోని సెయింట్ మాగ్నస్ చర్చి ఆర్గన్‌కి అబ్రహాం జోర్డాన్ అనే ఆయన ఒక ఏర్పాటు చేశాడు. కొన్ని గొట్టాలని పెట్టెలో పెట్టి, ఆ పెట్టె తలుపుని కాలితో తెరిచి మూసేలా చేశాడు. తలుపు తెరిస్తే శబ్దం పెద్దది, మూస్తే చిన్నది. వాల్యూమ్ పెడల్‌కి ముత్తాత అదే అనుకోవచ్చు.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే ఉంది. పద్య నాటకాల్లో లెగ్ హార్మోనియం చూశారా? రెండు చేతులూ మెట్ల మీద, రెండు కాళ్ళూ కింద తిత్తుల మీద. ప్యారిస్‌లో 1840ల్లో డెబెన్ పేటెంట్ తీసుకున్న హార్మోనియం కాలితో తొక్కేదే. నేల మీద కూర్చుని చేత్తో ఊదే పెట్టెని 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేశాడు. కచేరీల్లోకి చేతి పెట్టె వచ్చేసినా, మన నాటకం వాళ్ళు కాలి పెట్టెని వదల్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటకాలని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో చూసినవాళ్ళకి ఆ పెట్టె గుర్తుండే ఉంటుంది. రాత్రంతా తొక్కుడే తొక్కుడు, ఊరు మారితే బండెక్కించుడు. అయినా అన్నేళ్ళు ఎలా నడుస్తుంది? అందులో ఉన్నది చెక్క, తోలు, ఇత్తడి రీడ్లు. తోలు చిరిగితే అతికించుకోవచ్చు, రీడు పోతే మార్చుకోవచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక గిటార్ సంగతి. 19వ శతాబ్దం చివర్లో హవాయిలో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు తీగల మీద ఉక్కు ముక్క జార్చి ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. 1932లో అమెరికాలో అమ్మకానికొచ్చిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్, అదే 'ఫ్రయింగ్ పాన్', ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే. హవాయి వాద్యకారుడు టావ్ మో 1940ల్లో కలకత్తాలో ఉండి చాలామందికి నేర్పాడు. అక్కణ్ణుంచి సునీల్ గంగూలీ లాంటివాళ్ళ రికార్డుల ద్వారా సినిమా పాటలు హవాయన్ గిటార్ మీద ఇంటింటికీ చేరాయి. మామయ్యకి ఈ పిచ్చి అంటుకున్నదీ అలాగే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత రికార్డులు ఏరుకొచ్చి, విని, వాయించి నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఇంజినీరింగ్. మామూలు పెడల్ లోపల ఉండేది ఒక పొటెన్షియోమీటర్, ముద్దుగా పాట్. అర్ధచంద్రాకారంలో కార్బన్ పూత, దాని మీద రాసుకుంటూ తిరిగే లోహపు నాలుక. ఆ రాపిడే గరగరకి మూలం. సాధారణ కార్బన్ పాట్‌ల డేటాషీట్లలో ఆయుష్షు పది, పదిహేను వేల సైకిళ్ళు అని రాస్తారు. రోజుకి గంట వాయిస్తూ నిమిషానికి పదిసార్లు తొక్కితే నెలకి 18,000. అంటే కాగితం మీద నెల తిరగకుండానే వారంటీ ఖతం! నిజానికి పూర్తిగా తొక్కం కాబట్టి అంతకంటే చాలా ఎక్కువ కాలమే వస్తుంది. కానీ పెడల్‌లో ముందు పోయేది ఇదే. రేడియో నాబ్‌ని రోజుకి రెండుసార్లు తిప్పుతాం, ఈయన దాన్ని రోజంతా తిప్పుతున్నాడు. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్‌కి రాసిన కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టినట్టు.

దీనికి తెలివైన విరుగుడు ఒకటుంది. రాపిడే లేకుండా చెయ్యడం. 1954లో వచ్చిన హామండ్ బి-3 ఆర్గన్‌లో పెడల్ తిప్పేది పాట్‌ని కాదు, గాలి కెపాసిటర్‌ని. రేకుల మధ్య రేకులు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి, ఇక అరిగేదేముంది? తర్వాత మార్లీ లాంటి కంపెనీలు కాంతిని వాడాయి. పెడల్ కదిలితే వెలుతురు పెరిగి తగ్గుతుంది, దాన్ని బట్టి వాల్యూమ్. స్టీల్ గిటార్ వాళ్ళకోసం హిల్టన్ కూడా పాట్ లేని ఎలక్ట్రానిక్ పెడల్ చేసింది. వీటిలో ఇంకో లాభం, పికప్ మీద బరువు పడదు కాబట్టి ట్రెబుల్ పోదు.

ఇంకేం, తీర్పు వచ్చేసిందనుకున్నా. అరగని పెడల్ ఒకటి కొని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చేశా. బుధవారం సాయంత్రం చాదర్‌ఘాట్‌లో అందరి ముందూ ఘనంగా ప్లగ్గులో పెట్టా. చిన్న టప్ శబ్దం, కాలిన వాసన. అమెరికా 110 వోల్టుల అడాప్టర్ని మన 230లో పెట్టిన మహానుభావుణ్ణి నేనే. మామయ్య ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు పొద్దున్నే రెండు పెడళ్ళూ సంచీలో వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం. కొత్తదానికి సరిపోయే అడాప్టర్ లేదు, తెప్పించాలంటే వారం పడుతుందన్నాడు షాపతను. పాతదాన్ని విప్పి చూశాడు. ఐదు వందల కిలో ఓమ్‌ల లాగ్ పాట్. డ్రాయర్ లాగి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై రూపాయలు. ("లీనియర్ వద్దు సాబ్, లాగే కావాలి, చెవి లెక్క వేరు" అని ఉచిత పాఠం కూడా.) మధ్యాహ్నం ఇంట్లో నేనే మూడు టాంకాలు వేశా. సాయంత్రం భజనలో మామయ్య గిటార్ మోగింది, గరగర లేకుండా.

లెగ్ హార్మోనియం సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. గట్టిదంటే చెడిపోనిది అనుకుని వెతికాను. మామయ్యకి కావలసింది గురువారం పొద్దున చెడితే గురువారం సాయంత్రానికి బాగయ్యేది. అరగనిది గొప్పదే, కాదనను. కానీ దాని అడాప్టర్ పోతే ఎవరు ఇస్తారో కూడా కొనేముందే చూసుకోవాలి. పాట్ పెడల్ కొంటే బాడీ అల్యూమినియం పోతదా, పాట్ మామూలు సైజేనా, విప్పడానికి స్క్రూలున్నాయా లేక అతికించేశారా, ఇవి చూడండి. తాడుతో నడిచేదైతే ఆ తాడు మీరు మార్చగలరా అన్నది కూడా.

ఇప్పుడు కొత్త పెడల్ ఇంట్లో సాధనకి, పాతది గుడికి. ఇప్పటికి మూడు పాట్‌లు మార్చాం. ఇంకో నాలుగు పాత పళ్ళపొడి డబ్బాలో రెడీగా ఉన్నాయి. నేను పోయేదాకా ఉండాలి అన్నాడు కదా, పెడల్‌కైతే ఢోకా లేదు. స్పేర్ పార్టులు దొరకనిది మామయ్యకే. అందుకే ఈమధ్య కుదిరినప్పుడల్లా గురువారాలు చాదర్‌ఘాట్ వెళ్తున్నా.