పెద్ద ఇల్లు, పాత గోడలు

పార్టిషన్ అన్న మాట వినగానే మన వైపు వాళ్లకి మొదట జ్ఞాపకం వచ్చేది ప్లీడరుగారు. అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం, పెరట్లో గోడ లేవడం, నూతి నీళ్లకి వంతులు పెట్టుకోవడం, ఆ పైన పాతికేళ్లు కోర్టు చుట్టూ తిరగడం - ఇదీ మనకు తెలిసిన పార్టిషను. కంప్యూటరు డిస్కులో కూడా పార్టిషన్ వుంటుందనీ, దానికీ ఎల్లలూ దస్తావేజూ వుంటాయనీ చాలామందికి డిస్కు మార్చవలసిన రోజు వచ్చేదాకా తెలియదు. తెలిసిననాడు మాత్రం ప్లీడరు లేకుండానే తల తిరుగుతుంది.

తగాదా ఏమిటంటారా? పాత డిస్కు నిండిపోతుంది. వున్నదంతా బ్యాకప్ తీసి, రెండింతల డిస్కు కొని, అందులోకి ఎక్కిస్తాం. మిషను హాయిగా లేస్తుంది. ఫోటోలు, వుత్తరాలు, లెక్కలు, పాటలు అన్నీ ఎక్కడివక్కడే వుంటాయి. జాగా కూడా పాత డిస్కులో ఎంత వుండేదో అంతే వుంటుంది! డబ్బు పోసి కొన్న మిగతా సగం ఎక్కడికి పోయినట్టు?

నా మట్టుకు పాతది 500 గిగాబైట్లు, కొత్తది 1 టెరాబైటు. ఎక్కించడం పూర్తయ్యాక చూస్తే సి డ్రైవు దగ్గర పాత 465 చిల్లర తప్ప కొత్త అంకె లేదు. (500 కొంటే 465 ఏమిటంటే, తయారుచేసేవాడు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. సరుకు ఒకటే, శేర్లు రెండు.) పక్కన కూర్చున్న మా మేనల్లుడు, "మావయ్యా, షాపువాడు నీకు సగం డిస్కే అంటగట్టాడు. బిల్లు తియ్యి, వెళ్లి అడుగుదాం" అని చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు. "కూర్చోరా, పాపం షాపువాడేం చేశాడు? దీని మూలం 1983లో వుంది" అన్నాను. వాడు నా వంక జాలిగా చూశాడు. ఆనాడు వాడికి గబగబా చెప్పిన కథనే ఇక్కడ కాస్త తీరుబడిగా చెబుతాను.

అసలు మొదట్లో డిస్కు అన్నది పంచుకునేంత ఆస్తి కాదు. 1956లో ఐబీఎమ్ కంపెనీ రమాక్ అనే యంత్రంతో మొట్టమొదటి డిస్కును బజారులోకి తెచ్చింది. 24 అంగుళాల వ్యాసంగల పళ్లాలు, ఒకదాని మీద ఒకటిగా 50, గిర్రున తిరిగేవి. అంత బీరువాలోనూ పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ సెల్‌ఫోనులో తీసే పెళ్లి ఫోటో ఒక్కటి కూడా దాంట్లో పట్టకపోవచ్చు.

తరవాత 1981లో ఐబీఎమ్ వారి పర్సనల్ కంప్యూటరు వచ్చింది. దానికి ఫ్లాపీలే గతి. 1983 మార్చిలో దాని తమ్ముడు ఎక్స్‌టీ వచ్చేటప్పటికి లోపల 10 మెగాబైట్ల డిస్కు వుంది, తోడుగా డాస్ 2.0 వుంది. అప్పటికి ఇళ్లలోకీ ఆఫీసుల్లోకీ వచ్చే మిషన్ల మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నిలుస్తుందో ఇంకా తేలలేదు. డాస్ వుంది, సీపీ/ఎమ్ వుంది, యూనిక్స్ సంతానం వుంది. ఒకే డిస్కు మీద ఇద్దరు ముగ్గురు కాపరం చెయ్యవలసివస్తే? అంచేత ముందుచూపుతో డిస్కును నాలుగు వాటాలదాకా పంచుకునే ఏర్పాటు చేశారు. ఆ పంపకాలు చేసే పెద్దమనిషి పేరు ఎఫ్‌డిస్క్.

ఇహ దస్తావేజు సంగతి. డిస్కును 512 బైట్ల చిన్న చిన్న మడులుగా చేస్తారు. ఒక్కొక్క మడి ఒక సెక్టారు. మొట్టమొదటి సెక్టారులోనే వుంది ఇంటి గుట్టంతా. అందులో 446 బైట్లు మిషనును నిద్ర లేపే ప్రోగ్రాముకి పోయాయి. చివరి 2 బైట్లు ముద్ర. మిగిలినవి 64. నలుగురు వాటాదార్లకి తలా 16 బైట్లు. ఈ 16లోనే వాటా ఎక్కడ మొదలు, ఎన్ని సెక్టార్లు, లోపల కాపరం వున్నది ఎవరు అన్నీ రాయాలి. మన రిజిస్ట్రారు ఆఫీసులో కూడా ఇంత పొదుపుగా కాగితం వాడరు.

ఈ పొదుపులో ఒక సంగతి గమనించండి. వాటాలు ఎంతెంతో రాశారు గాని, డిస్కు మొత్తం ఎంతో ఆ పట్టికలో ఎక్కడా రాయలేదు. రాయవలసిన పనీ కనబడలేదు. డిస్కు ఎదురుగానే వుంది, కొలుచుకుంటే తెలుస్తుంది. ఉన్నది వున్నట్టుగా ఆ పట్టికను తీసుకువెళ్లి ఇంకో డిస్కు మీద పెడితే, "ఇక్కడినుంచి ఇంతవరకూ నాది" అన్న పాత మాటే అది చెబుతుంది. అవతల ఎన్ని ఎకరాల బీడు పడివున్నా దానికి పట్టదు.

నాలుగు దశాబ్దాల కంప్యూటరు చరిత్రలో సగం ఇల్లాంటి గోడల చరిత్రే. ప్రతి గోడనూ "ఇది దాటేవాడెవడు?" అన్న ధీమాతోనే కట్టారు కాబోలు, ప్రతి గోడనూ దాటారు.

మొదటిది 32 మెగాబైట్ల గోడ. డాస్ తన వాటాలోని సెక్టార్లను 16 బిట్ల అంకెతో లెక్కపెట్టేది. 16 బిట్లలో 65,536 కంటె ఎక్కువ లెక్క పట్టదు. దాన్ని 512తో గుణిస్తే 32 మెగాబైట్లు. అంతకన్న పెద్ద డిస్కు కొన్నవాళ్లకి 1987లో డాస్ 3.3 ఒక వుపాయం చెప్పింది. నాలుగు వాటాల్లో ఒకదాన్ని పెద్ద కొట్టుగా చేసి, అందులో చిన్న చిన్న గదులు కట్టుకొమ్మంది. సి తరవాత డి, డి తరవాత ఇ - ఇల్లా అక్షరాలు బారులు తీరాయి. ఆ యేడే కాంపాక్ కంపెనీ తన డాస్ 3.31లో ఈ గోడ పడగొట్టింది. మరుసటి యేడు డాస్ 4తో మిగతావాళ్లకీ దారి దొరికింది. గోడ పోయింది గాని అలవాటు పోలేదు. సి లో విండోస్, డి లో సినిమాలు, ఇ లో పిల్లల ఫోటోలు అని ఈనాటికీ పంచుకునే ఇళ్లున్నాయి.

రెండోది 504 మెగాబైట్ల గోడ. ఇది ఇద్దరు గుమాస్తాల కథ. డిస్కు మీద చోటును సిలిండరు, హెడ్డు, సెక్టారు అని మూడు అంకెల్లో చెప్పేవారు. మిషను తరఫు గుమాస్తా, అంటే బయాస్, ఈ మూడింటికీ వరసగా 10, 8, 6 బిట్లు ఇచ్చాడు. డిస్కు తరఫు గుమాస్తా 16, 4, 8 ఇచ్చాడు. ఎవరికి వారు ధారాళంగానే ఇచ్చారు. కాని ఇద్దరి ద్వారాలూ దాటితేగాని మాట లోపలికి పోదు గనక, ప్రతి చోటా ఇరుకైనదే నిలిచింది: 10, 4, 6. లెక్క కడితే 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, వెరసి సుమారు 52 కోట్ల 84 లక్షల బైట్లు. ఇద్దరు వుదారులు కలిసి ఒక లోభిని తయారుచేశారు.

ఆ తరవాత డిస్కులు సెక్టారు నెంబరును 28 బిట్లతో చెప్పుకున్నన్నాళ్లూ 137 గిగాబైట్ల దగ్గర ఒక గోడ. 2002లో దాన్ని 48 బిట్లకు పెంచారు. ఇంతలో 1983 నాటి పట్టికే అడ్డం వచ్చింది. అందులో సెక్టార్ల లెక్కకి ఇచ్చింది 32 బిట్లు. అంటే 2.2 టెరాబైట్లు. 10 మెగాబైట్ల డిస్కు కోసం కట్టిన ఇల్లు దానికి రెండు లక్షల రెట్లదాకా ఆగిందంటే కట్టినవాళ్లని మెచ్చుకోవలసిందే. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు రానే వచ్చాయి. అప్పటికే సిద్ధంగా వున్న జీపీటీ అనే కొత్త పట్టిక అక్కరకు వచ్చింది. నాలుగు వాటాల బదులు మామూలుగా 128, అంకెకి 64 బిట్లు.

ఈ కొత్త దస్తావేజు రాసినవాళ్లు అనుభవంమీద ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. డిస్కు మొదట్లో ఒక ప్రతి, చిట్టచివర మరో ప్రతి పెట్టారు. మంచి ఆలోచనే. కాని చిన్న డిస్కును సెక్టారుకి సెక్టారుగా పెద్దదాంట్లోకి దించితే ఆ చివరి ప్రతి కొత్త డిస్కు నడిమధ్య దిగబడుతుంది. డిస్కు చివర ఎక్కడో కూడా ఇందులో రాసుకున్నారు గనక ఆ మాటా పాతదే. ముందు ఆ ప్రతిని అసలు చివరకు చేర్చి, హద్దు సరిదిద్దితేగాని కొత్త జాగా లెక్కలోకి రాదు.

నకలు తీసేవాళ్లకీ ఒక చరిత్ర వుంది. యూనిక్స్‌లో 1970ల నుంచి డీడీ అనే ఆజ్ఞ వుంది. ఇటునుంచి చదువు, అటు రాయి - అంతే దాని పని. అర్థం అడగదు, అనుమానం పడదు. ఏది పాతదో ఏది కొత్తదో తారుమారుగా చెబితే ఖాళీ డిస్కును తెచ్చి నిండు డిస్కుమీద అంతే శ్రద్ధగా రాసేస్తుంది. 1990లలో న్యూజిలాండులో మర్రీ హజార్డ్ అనే ఆయన ఘోస్ట్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. పేరుకి దయ్యమేగాని వందల మిషన్లు నిర్వహించే ఆఫీసుల పాలిట దేవుడైంది. 1998లో దాన్ని సిమాంటెక్ కంపెనీ కొనేసింది.

మరి గోడ జరపడం? ఎఫ్‌డిస్క్ పెద్దమనిషికి కట్టడం తెలుసు, కూల్చడం తెలుసు, జరపడం తెలియదు. వాటా పెంచాలంటే లోపలి సామానంతా వీధిలో పెట్టి, ఇల్లు పడగొట్టి, మళ్లీ కట్టి, సామాను సర్దుకోవాలి. 1990లలో అమెరికాలోని యూటాకు చెందిన పవర్‌క్వెస్ట్ కంపెనీ పార్టిషన్ మాజిక్ తెచ్చి, కాపరం వుండగానే గోడ జరిపి చూపించింది. మాజిక్ అన్న పేరు అతిశయమేమీ కాదు. 2004లో జీపార్టెడ్ వుచితంగానే వచ్చింది. 2007లో విస్టాతో విండోస్ కూడా ఈ విద్య కొంత నేర్చుకుంది.

ఈ విద్యలో కిటుకు ఒక్కటే. లెక్కలు రెండుచోట్ల వుంటాయి. వాటా ఎంతో చెప్పేది దస్తావేజు. ఆ వాటాలో ఏ ఫైలు ఏ మూల వుందో, గదులెన్నో చెప్పేది ఫైల్ సిస్టమ్. అది ఇంటి లోపలి పద్దుపుస్తకం. దస్తావేజు ఒక్కటీ మార్చి పుస్తకం వదిలేస్తే కొత్త జాగా వుండీ లేనట్టే. అందులోనూ వరస ముఖ్యం. పెంచేటప్పుడు ముందు దస్తావేజులో హద్దు పెంచి, తరవాత ఇల్లు పెంచాలి. తగ్గించేటప్పుడు ముందు ఇల్లు కుదించుకుని, తరవాత స్థలం వదులుకోవాలి. పొరుగువాడికి ముందే అమ్మేసి ఆనక గది పడగొట్టుకుందాం అనుకుంటే మంచం అతని స్థలంలో వుండిపోతుంది. డిస్కులో ఆ మంచం మీద వున్నది మనవాళ్లెవరి ఫోటోయో అయివుండచ్చు.

నా దగ్గర ఇంకో చిక్కు కూడా వచ్చింది. విండోస్ తన గోడను కుడిపక్కకే, అదీ ఆనుకుని ఖాళీ వుంటేనే జరుపుతుంది. నా సి డ్రైవుకీ ఖాళీకీ మధ్య రికవరీ అనే చిన్న వాటా, వీధరుగు మీద తాతగారిలా కూర్చుని వుంది. నకలు పుణ్యమా అని పాత డిస్కులో ఎక్కడ వుందో అక్కడే వుంది. "పెంచు" అన్న మాట బూడిదరంగులో వెలవెలబోతూ కనిపించింది, నొక్కితే పలకదు. పెన్‌డ్రైవు మీద నుంచి జీపార్టెడ్ లేపి, తాతగారిని మర్యాదగా చివరికి తీసుకువెళ్లి కూర్చోబెట్టాక, సి డ్రైవు పెరిగింది. మా మేనల్లుడు చెప్పులు విప్పాడు.

ఇంత నిబ్బరంగా ఎలా చెయ్యగలిగానంటే, పాత డిస్కు విప్పి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టిన తరవాతే కొత్తదాని మీద చెయ్యి వేశాను. అందులో మా అమ్మ గొంతు వుంది. ఎప్పుడో టేపురికార్డరులో ఆవిడ పాడిన మంగళహారతి, క్యాసెట్టు పాడవుతుంటే కంప్యూటరులోకి ఎక్కించాం. క్యాసెట్టు ఇప్పుడు లేదు, అమ్మా లేదు. గోడ జరిపేటప్పుడు కరెంటు పోతే లోపల ఏది మిగులుతుందో ఏ కంపెనీ హామీ ఇవ్వదు. అంచేత పని మొదలుపెట్టేముందు లాప్‌టాప్ అయితే కరెంటుకు తగిలించడం, లేకపోతే యూపీఎస్ చూసుకోవడం, పాత డిస్కును కనీసం ఒక నెల తుడిచెయ్యకుండా వుంచడం - ఈ మూడూ చేస్తే మిగతావన్నీ దిద్దుకోగల పొరపాట్లే. గోడలు జరిపిన తరవాత "మిషను లేచిందిగా" అని వూరుకోకూడదు. నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. నేను మొదట తెరిచింది ఆ హారతే.

ఇప్పుడు 64 బిట్ల పట్టిక వుందిగదా, ఇహ గోడల బెడద తీరినట్టేనా అని మా వాడు అడిగాడు. లెక్క కట్టి చూశాం. 512 బైట్ల సెక్టార్లయితే సుమారు 94 పక్కన 20 సున్నాలు, అన్ని బైట్లు. అంత డిస్కు ఎవడు కొంటాడు మావయ్యా, ఇది చాలు అన్నాడు వాడు. 1983లో 10 మెగాబైట్ల డిస్కును చూసి వాడి వయసువాడెవడో ఆ మాటే అనేవుంటాడు.