‘ఫ్యాన్’ కేంద్రము: క్రీడా రేడియో చరిత్రలో ఒక ఘట్టము

1987వ సంవత్సరము జూలై 1వ తేదీ అపరాహ్ణము మూడు గంటలకు న్యూయార్కు నగరమున 1050 కిలోహెర్ట్జులపై ప్రసారము జరుపుచుండిన డబ్ల్యూ.హెచ్.ఎన్. అను రేడియో కేంద్రము తన పేరును, వృత్తిని ఒక్కమారుగా మార్చుకొనెను. అంతవరకు అది కంట్రీ సంగీతమును వినిపించు కేంద్రము. ఆ క్షణము మొదలు రేయింబవళ్లును క్రీడలను గూర్చియే పలుకవలెనని సంకల్పించి, డబ్ల్యూ.ఎఫ్.ఏ.ఎన్. అను నామమును ధరించెను. తొలి యక్షరమును విడిచి చదివినచో అది ‘ఫ్యాన్’, అనగా అభిమాని. కొత్త కేంద్రమున ప్రత్యక్షముగా వినబడిన మొదటి కంఠము సూజిన్ వాల్డ్‌మన్ అను వనితది. పురుషుల సొత్తని తలంపబడుచుండిన రంగమున తొలిపలుకు ఒక పూర్వ రంగస్థల నటిది యగుట గమనింపదగినది. ఆమె 2005లో యాంకీస్ జట్టు ఆటలకు రేడియో వ్యాఖ్యాతగా నియుక్తురాలయ్యెను.

ఇట్టి ప్రయత్నము పూర్వము జరుగకపోలేదు. 1981లో ఎంటర్‌ప్రైజ్ రేడియో అను సంస్థ క్రీడాప్రసంగములను దేశమంతటికిని అందింపబూని ఆ యేటనే మూతపడెను. ఆ దృష్టాంతము కన్నులయెదుట నుండగనే ఇండియానాపొలిస్ నగరపు ఎమ్మిస్ సంస్థకు అధిపతియైన జెఫ్ స్మూల్యన్ ఈ సాహసమునకు దిగెను. అతని ధైర్యమునకు ఆధారము మెట్స్ అను బేస్‌బాల్ జట్టు. ఎమ్మిస్ 1986లో కొనిన కేంద్రము మెట్స్ ఆటలను ప్రసారము చేయు కేంద్రము. ఆ యేటి అక్టోబరులోనే మెట్స్ జట్టు వరల్డ్ సిరీస్‌ను గెలిచెను.

అయినను లెక్క చూడుడు. బేస్‌బాల్ జట్టు క్రమపోటీలలో ఏటికి 162 ఆటలాడును. ఆటకు మూడు గంటల చొప్పున కట్టినను అవి ఐదువందల గంటలకు చేరవు. సంవత్సరమునకు గంటలు 8,760. ఆట లేని మిగిలిన కాలమునంతటిని దేనితో నింపవలెను? క్రీడా రేడియో చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానమే యని మా యభిప్రాయము.

మొదటి సమాధానము ప్రసిద్ధులను పిలుచుట. ఉదయము గ్రెగ్ గంబెల్, మధ్యాహ్నము జిమ్ లాంప్లీ, సాయంకాలము క్లీవ్‌లాండు నుండి రప్పింపబడిన పీట్ ఫ్రాంక్లిన్, రాత్రి హౌవీ రోజ్, అర్ధరాత్రి దాటిన పిదప స్టీవ్ సోమర్స్. వీరి నడుమ పావుగంట కొకమారు క్రీడావార్తలు. ఫ్రాంక్లిన్ తన యూరిలో శ్రోతలను గద్దించుటకు పేరెన్నికగన్నవాడు. కాని ఊరు మారినంతనే ఆ గద్దింపునకు విలువ మారెను. న్యూయార్కు శ్రోతలు ఆతనిని తమవానిగా నెంచలేదు. హౌవీ రోజ్ ఆ నగరముననే పుట్టి పెరిగినవాడు, మెట్స్ జట్టు చరిత్రను కంఠపాఠముగా నెరిగినవాడు. దీనింబట్టి స్థానికుడే నెగ్గునని సూత్రము కట్టుట తొందరపాటగును. సోమర్స్ శాన్‌ఫ్రాన్సిస్కో నుండి వచ్చినవాడై యుండియు 2021 వరకు ఆ కేంద్రమున నిలిచెను. నిద్రపట్టని నగరవాసులతో మెల్లగా, చమత్కారముగా ముచ్చటించుట యతడు నేర్చెను.

తొలి యేడు నష్టములతో గడచెను. 1988లో ఎమ్మిస్ సంస్థ ఎన్.బి.సి. వారి రేడియో కేంద్రములను కొని, అక్టోబరు 7వ తేదీన ‘ఫ్యాన్’ను 660 కిలోహెర్ట్జులకు మార్చెను. ఈ తరంగము సామాన్యమైనది కాదు. 1922లో డబ్బు పుచ్చుకొని వాణిజ్యప్రకటనను ప్రసారము చేసి ప్రసిద్ధి కెక్కిన డబ్ల్యూ.ఇ.ఏ.ఎఫ్. కేంద్రమునకు వారసమైనది. ఏబదివేల వాట్ల శక్తితో రాత్రివేళ దూరరాష్ట్రములకును వినబడును. దానితోపాటు నిక్స్ జట్టు బాస్కెట్‌బాల్ ఆటలును, రేంజర్స్ జట్టు హాకీ ఆటలును వచ్చెను. శీతకాలపు వెలితి కొంత తీరెను. డాన్ ఐమస్ కూడ వచ్చెను. ఇతడు క్రీడాప్రసంగి కాడు. రాజకీయములను, పరిహాసమును కలిపి ఉదయపు శ్రోతల నాకర్షించువాడు. క్రీడలకే యంకితమైన కేంద్రమును క్రీడేతరుడు గట్టెక్కించెనని పలువురు వ్రాయుదురు. ఆదాయము మాట వరకు అది సత్యమే.

కాని కేంద్రమునకు స్వరూపము నిచ్చినది 1989 సెప్టెంబరులో మొదలైన ‘మైక్ అండ్ ద మ్యాడ్ డాగ్’ అను సాయంకాల కార్యక్రమము. మైక్ ఫ్రాన్సెసా, క్రిస్టఫర్ రస్సో ఇరువురును లాంగ్ ఐలాండ్ ప్రాంతీయులు. ఒకడు స్థిరముగా, తీర్పరివలె పలుకును. ఒకడు గొంతు చించుకొని యరచును. వీరి వివాదములో శ్రోత టెలిఫోను ద్వారా మూడవవాడుగా ప్రవేశించును. ‘మాట్లాడుట మొదటిసారి, వినుట చిరకాలము’ అను పరిచయవాక్యము శ్రోతల నోట వాడుకపడి, తుదకు రెండు ముక్కలుగా కుదించుకొనిపోయెను. మౌఖిక సాహిత్యమును పరిశీలించువారికి ఇది చిన్న విషయము కాదు: సభలో ప్రవేశించువాడు తన యర్హతను చెప్పుకొను పద్ధతి యిది. ఆ తరువాత ఓడిన ఆటపై ఫిర్యాదు, ప్రసంగి ఆక్షేపణ, ఎత్తిపొడుపు, సెలవు. మన రచ్చబండకడ జరుగు వాదమునకు దీనికిని గల భేద మొక్కటే. ఇచట తీరికగా కూర్చున్నవారు ఒకరి మొగ మొకరు చూడరు. ఆట లేని వేళలకు నిజమైన సమాధానము ఓడిన జట్టు అభిమాని యొక్క కోపమని ఆ కేంద్రము కనుగొనెను.

1992లో ఇన్ఫినిటీ సంస్థ ఈ కేంద్రమును ఏడు కోట్ల డాలర్లకు కొనెను. 2007 ఏప్రిలులో రట్గర్స్ విశ్వవిద్యాలయపు మహిళా బాస్కెట్‌బాల్ జట్టుపై జాత్యవమానకరముగా మాట్లాడినందుకు ఐమస్ తొలగింపబడెను. ఆ సెప్టెంబరునుండి మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు బూమర్ ఇసయాసన్, క్రెయిగ్ కార్టన్ ఉదయమును స్వీకరించిరి. ఇరువది యేండ్ల పిమ్మట దినమంతయు క్రీడలే యన్న ఆదిసంకల్పము అప్పటికి నెరవేరెను. మరుసటి యేట రస్సో వీడిపోయెను.

మనదేశమున ఇట్టి కేంద్రమేల వెలయలేదని పరిశోధక విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. టెస్టు మ్యాచి వ్యాఖ్యానమునకై ట్రాన్సిస్టరు చుట్టును గుమిగూడిన జాతికి ఆసక్తి లేదనుట చెల్లదు. 2011 నాటి ప్రైవేటు ఎఫ్.ఎం. నిబంధనలను చూచిన కారణము కొంత తెలియును: క్రీడాసమాచారమునకు అనుమతి కలదు, ప్రత్యక్షప్రసారమునకు లేదు, స్థానికమైన ఆటల వ్యాఖ్యానమునకు మాత్రము అనుమతి నీయవచ్చును. ఈ కడపటి వెసులుబాటును హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని కేంద్రములు ఎట్లు వినియోగించుకొనగలవో విచారింపదగిన విషయము.

ఇక న్యూయార్కున తరంగముల గతి విచిత్రమైనది. ‘ఫ్యాన్’ విడిచిన 1050పై 2001లో ఇ.ఎస్.పి.ఎన్. వారి క్రీడాకేంద్రము ప్రతిస్పర్థిగా వెలసి, 2012లో ఎఫ్.ఎం.కు మారెను. ఆ యేటి నవంబరున ‘ఫ్యాన్’ కూడ 101.9 ఎఫ్.ఎం.పై వినబడసాగెను. 2013తో మెట్స్ ఆటలు దానిని వీడెను. 2014లో ప్రతికక్షియగు యాంకీస్ వచ్చి చేరెను. 2024 ఆగస్టులో, 1967 నుండి 880 కిలోహెర్ట్జులపై నడచుచుండిన వార్తాకేంద్రము ముగిసి, ఆ తరంగము ఇ.ఎస్.పి.ఎన్. క్రీడాప్రసారములకు దక్కెను. మెట్స్ ఆటలు 2019 నుండియే ఆ తరంగముపై ప్రసారమగుచుండెను. వార్తలు పోయిన పిదపను అవి యచటనే నిలిచినవి.